శిలువ మీద పందొమ్మిది రోజులు

దోన్ క్రెసెన్సియోకి మతి పోయిందనీ, వేళ్ళ మీద ఏడు కూడా లెక్కపెట్టలేకపోతున్నాడనీ మా వీధిలో చెప్పుకుంటున్నారు. మొదలుపెట్టింది పిండిమర దగ్గర ఫిలోమెనా. కుండ నోటికి మూకుడు పెట్టొచ్చు గాని ఊరి నోటికేం పెడతాం? అయితే ఆ రోజు అతని కొట్టంలో నేనున్నాను, ఫిలోమెనా లేదు. అందుకే తోమాసా అనే నేను ఇది రాస్తున్నాను.

క్రెసెన్సియో సమాధుల మీద పాతే కొయ్య శిలువలు చేస్తాడు. భార్య ఔరెలియాతో ఎక్కడో కొండమీది ఊరి నుంచి దిగివచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆమె నాలుగేళ్ళ కిందట పోయింది. పిల్లల్లేరు. ప్రతి శిలువ మీదా పోయినవాళ్ళు బతికిన ఏళ్ళు, నెలలు, రోజులు తెల్లరంగుతో రాస్తాడు. కాగితాలు అడగడు. ఏ పునీతుడి పండుగనాడు పుడితే ఆ పేరే పెట్టుకుంటాం కదా, పేరు చెబితే పుట్టినరోజు చెప్పినట్టే. పిడికిలి బిగించి, కణుపు మీద ముప్పై ఒకటి, పల్లంలో ముప్పై అంటూ నెలలు దాటుకుంటూ పోతాడు. ఒక్కరోజు తేడా వచ్చిందని ఎవరూ అనగా నేను వినలేదు, నేను విననిది ఈ వీధిలో ఉండదు.

ఏడేళ్ళు నిండనివాళ్ళు మాకు దేవదూతలు. వాళ్ళకి తెల్లపెట్టె, వయొలిన్, తూర్పుగోడ పక్కన చోటు. ఏడవకూడదు, రెక్కలు తడుస్తాయి. నవంబరు ఒకటిన పోయిన పిల్లలంతా కలిసి ఇంటికొచ్చి పాలు తాగిపోతారు. ఏడు నిండితే పాపం తెలిసినవాళ్ళ కింద లెక్క. నల్లపెట్టె, తొమ్మిదిరోజుల ప్రార్థన, పెద్దల వైపు గొయ్యి, రెండో తారీఖున పెద్దలతో రావడం. కాటికాపరి శిలువ చదివి, అది చెప్పినవైపు తవ్వుతాడు.

మొన్న జులై పందొమ్మిదిన ఎర్లిందా కొడుకు జ్వరంతో పోయాడు. పేరు నాబోర్. ఆ పునీతుడి పండుగ జులై పన్నెండు. వాన కురుస్తూనే ఉంది. నేను కాఫీ చెంబుతో కొట్టంలో కూర్చున్నాను, పని చూస్తున్నట్టు. ఎర్లిందా, మొగుడు అబుందియో తడిసి ముద్దయి వచ్చారు.

"పేరు?" అన్నాడు క్రెసెన్సియో, తెలిసినా.

"నాబోర్." ఎర్లిందా బల్ల అంచు పట్టుకుంది. "పెద్దలవైపు వేయిస్తారా దోన్? వాడికి పెద్దాళ్ళంటే భయం. పెరట్లోకైనా నా కొంగు వదిలి వెళ్ళడు."

అతను పిడికిలి బిగించాడు. కణుపుల మీద వేలు నడిచింది, ఆగింది. పిడికిలి విప్పాడు.

"కాగితం ఉందా?" అన్నాడు.

నా చెంబు ఒలికినంత పనైంది. నలభై ఏళ్ళలో అతను కాగితం అడగడం అదే మొదలు.

ఆమె రవికెలోంచి తీసి ఇచ్చింది. అందులో పుట్టిన తేదీ జులై ముప్పై.

"అది నిజం కాదు దోన్," అన్నాడు అబుందియో, వెర్రిబాగులవాడు. "ఏరు పొంగి, పుట్టుక రాయించడానికి ఆలస్యంగా వెళ్ళా. జరిమానా వేస్తారని నిన్ననే పుట్టాడని చెప్పా."

"నిన్ను అడిగానా? కాగితాన్ని అడిగాను. నోరు మూసుకుని ఆ మేకులు అందుకో."

ఆరేళ్ళు, పదకొండు నెలలు, పందొమ్మిది రోజులు అని రాశాడు. కాటికాపరి గోడపక్కన తవ్వాడు. వయొలిన్ వాయించారు. ఎర్లిందా ఏడవలేదు, పెదవి కొరుక్కుని నెత్తురు తెచ్చుకుంది.

ఫిలోమెనా అది చదివి, "పన్నెండో తారీఖున పుట్టిన నాబోర్‌కి ఏడేళ్ళ ఏడురోజులు. మేకకైనా తెలుస్తుంది ఈ లెక్క!" అంది. అంతే, ముసలాడికి చత్వారమన్నారు, మతిమరుపన్నారు. రెండు ఇళ్ళవాళ్ళు పక్కూరి రేకులవాడి దగ్గర శిలువలు చేయించుకున్నారు. ఇతని రంగుడబ్బా మీద మీగడ కట్టింది. రేపో మాపో ఆ ఫిలోమెనా పాదిరి చెవిన కూడా వేస్తుంది, వేస్తే గొయ్యి తిరగదోడమంటారేమోనని ఎర్లిందా గుమ్మం దాటడంలేదు.

నిన్న మధ్యాహ్నం గిన్నెలో చిక్కుడుగింజల పులుసు పోసుకుని వెళ్ళాను. అతను ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు.

"ఊరంతా మిమ్మల్ని పిచ్చోడంటోంది," అన్నాను. "నేను చూశాను. వాడికి ఏడు నిండాయని మీకు తెలుసు. పేరు చూసి లెక్కకట్టేవాళ్ళు కాగితం ఎందుకడిగారు?"

అతను గిన్నె ముట్టుకోలేదు.

"దోన్యా తోమాసా, మాకో ఆడపిల్ల ఉండేది, పైన, ఆ కొండమీది ఊళ్ళో. దాని శిలువ నేనే రాశాను. ఏడేళ్ళ రెండు రోజులు. ఆ రెండు రోజులూ రాయొద్దని ఔరెలియా నా కాళ్ళు పట్టుకుంది. లెక్క లెక్కే అన్నాను."