పరంధామయ్య రాగుల బీరు

పరంధామయ్య పలమనేరుకు తిరిగి వచ్చింది డెబ్బై ఆరులో. అంతకుముందు ఇరవై అయిదేళ్లు బెంగళూరులో ఒక బీరు ఫ్యాక్టరీలో పనిచేశాడు. బార్లీ మూటలు మోసే కూలీగా చేరి, ధాన్యం నానబెట్టి మొలకలు తెప్పించే చోట మేస్త్రీ దాకా వచ్చాడు. ఒకరోజు పీపా జారి ఎడమకాలి మీద పడింది. పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకున్నాడు. ఎముక అతుక్కుంది కానీ మెట్లెక్కితే కాలు లాగేది. ఫ్యాక్టరీ నిండా మెట్లే. పని మానేసి, భార్య జ్ఞానాంబతో సొంత ఊరికి వచ్చి, అన్నదమ్ముల పంపకంలో దక్కిన రెండెకరాల్లో రాగులు వేసుకున్నాడు. ఒక బర్రెను కొన్నాడు. పిల్లలు లేరు.

నేను అప్పుడు ఊరి బయట పాల కేంద్రంలో పాలు పరీక్ష చేసే ఉద్యోగిని. రోజూ ఉదయం ఆయన పాలు పోయడానికి వచ్చేవాడు. మొదటిసారి నేను పాలలో లాక్టోమీటరు వదిలినప్పుడు వంగి చాలాసేపు చూశాడు. ఫ్యాక్టరీలో తమకూ ఇట్లాంటి గాజు గొట్టమే ఉండేదని, మొలకల నీళ్లలో తీపి ఎంతుందో దానితో చూసేవాళ్లమని చెప్పాడు. తీపి తగ్గేకొద్దీ గొట్టం కిందికి దిగుతుందట. ఎందుకు తగ్గుతుందని అడిగాను. తీపే కదా మత్తుగా మారేది అన్నాడు. మా స్నేహం అట్లా మొదలయింది.

ఆదివారాలు నేనూ, హైస్కూల్లో సైన్సు చెప్పే జయరామ్ మాస్టరూ, మిలిటరీ నుంచి వచ్చేసిన చిన్నబ్బా కలిసి బెంగళూరు రోడ్డు మీది బ్రాందీ షాపుకు పోయేవాళ్లం. ఒకసారి పరంధామయ్యను కూడా వెంట తీసుకుపోయాం. ఆయన గ్లాసు ఎత్తి వాసన చూసి, నోట్లో ఒక గుక్క పట్టి కాసేపు ఉంచుకుని మింగి, గ్లాసు కింద పెట్టేశాడు. ఈ సీసాలు ఎండలో ఉన్నాయి అన్నాడు. షాపువాడు ఇప్పుడే పెట్టెలోంచి తీశానని వాదించాడు. పరంధామయ్య పడమటి కిటికీ కింద ఉన్న పెట్టెను చేత్తో చూపించాడు. పెట్టెకు మూత లేదు. సీసాల మీద ఎండ పడుతూనే ఉంది.

మాకెవరికీ ఆ తేడా తెలియలేదు. చల్లగా ఉంటే మంచి బీరు, లేకపోతే కాదు, మా లెక్క అంతే. మీకు ఎట్లాంటిది ఇష్టమని ఆయన అడిగితే చల్లటిదన్నాం. బీరులో రకాలుంటాయని, తేలికదీ చేదుదీ నల్లదీ అని, చలిలో నిదానంగా పులిసేది వేరు, వెచ్చగా తొందరగా పులిసేది వేరు అని ఆయన చెబుతుంటే జయరామ్ మాస్టరు తరగతిలో పిల్లవాడి మాదిరి విన్నాడు. ఫ్యాక్టరీలో ఒక ముసలి దొర ఉండేవాడట. రోజూ పొద్దున పరగడుపున పది గ్లాసుల్లో ఒక్కో గుక్క పోసి పరంధామయ్య చేత రుచి చెప్పించేవాడట.

"రాగుల్తో కూడా చెయ్యొచ్చునబ్బా," అన్నాడు ఆ సాయంత్రం. "బార్లీ ఏం చేస్తాదో, మొలకెత్తిన రాగులూ అదే చేస్తాయి. చేసేవాడు లేడు, అంతే."

చిన్నబ్బ ఆ మాట వదల్లేదు. కనిపించినప్పుడల్లా ఎప్పుడు చేస్తావని అడిగేవాడు.

డెబ్బై ఏడు చలికాలంలో పరంధామయ్య మొదలుపెట్టాడు. బజారు వీధిలో పాత్రలకు కళాయి పోసే ఇమాంసాహెబు చేత నలభై లీటర్లు పట్టే రాగి అండా ఒకటి, దానికి కుళాయి ఒకటి చేయించుకున్నాడు. ఇమాంసాహెబు నమాజు తప్పని మనిషి. అండా దేనికని అడిగితే పరంధామయ్య ఉన్నమాట చెప్పాడు. సాయిబు, తాను చేసేది పాత్ర, అందులో ఏం పోసుకుంటారనేది పోసుకునేవాడి సంగతి అన్నాడట.

రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడి గోనెసంచిలో మూడు రోజులు కట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, మొలకల వేర్లు నలిపి రాల్చేసి, కొద్దిగా వేయించేవాడు. దాన్ని బరకగా విసిరి, చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో కలిపి, అండా చుట్టూ కంబళి చుట్టి రెండు గంటలు ఉంచితే పిండి కాస్తా తీపి నీళ్లయ్యేది. వడగట్టి, హాప్స్ అనే చేదు ఎండుపూలు వేసి కాచి, చల్లారాక జాడీల్లో పోసి పులియబెట్టేవాడు. ఆ పూలు, పులియబెట్టే మడ్డి, ఫ్యాక్టరీలోని పాత స్నేహితుడొకడు బస్సు కండక్టరు చేత పంపేవాడు. మేము చేసిన సాయం కొంచెమే. మా కేంద్రంలో మొన కాస్త పగిలిందని పక్కన పడేసిన లాక్టోమీటరు నేను తెచ్చి ఇచ్చాను.

మొదటిసారి చేసింది పులిసి వెనిగరయింది. పేడదిబ్బ మీద పారబోశాడు. రెండోదీ బాగాలేదు. జాడీలన్నీ వేడినీళ్లతో కడిగి, చేతులు సీకాయతో రుద్దుకుని మూడోసారి చేశాడు. సంక్రాంతి దాటిన మరుసటి ఆదివారం చేని దగ్గరి కొట్టంలో మా ముగ్గురికీ తలా ఒక గ్లాసు పోశాడు. లేత బెల్లం రంగు, పైన సన్నటి నురగ. తాగితే మొదట రాగిసంకటి వాసన, తరువాత చేదు, చివర్లో నాలుక మీద ఏదో పచ్చి కొమ్మ విరిచినట్టుండే వాసన. షాపులో కొన్న బీరు మాదిరి లేదు. బాగుందో లేదో చెప్పడానికి నాకు రెండో గ్లాసు కావాల్సి వచ్చింది.

రెండేళ్లలో మూడు రకాలు కుదిరాయి. నాకు తేలికది నచ్చేది. జయరామ్ మాస్టరుకు హాప్స్ ఎక్కువ వేసిన చేదుది. చిన్నబ్బకు నల్లది. రాగుల్లో కొన్ని మాడే దాకా వేయించి కలిపితే కాఫీ మాదిరి వచ్చేది. కంటోన్మెంటులో తాను తాగిన నల్ల బీరు ఇట్లాగే ఉండేదని, ఇంకొంచెం మాడ్చమని చిన్నబ్బ అనేవాడు. అంత చేదు మనిషి తాగేది కాదని నేను మాస్టరుతో వాదిస్తే, నీది రోగులకిచ్చే బార్లీ నీళ్లని ఆయన తిరగబడేవాడు. పరంధామయ్య తీర్పు చెప్పేవాడు కాదు. ఒక్కోదాంట్లో రెండు గుక్కలు తాగి, ఏది ఎక్కడ తప్పిందో తనలో తాను అనుకునేవాడు. జ్ఞానాంబ పెట్టిన నియమం ఒకటే. ఆదివారం ఒక్కటే, మనిషికి రెండు సీసాలే. మూడో సీసా అడిగినవాడు మళ్లీ రాకూడదు. ఆమె వేయించిన అలసందలు తెచ్చి పెట్టి వెళ్లిపోయేది.

ఎనభైలో చిన్నబ్బ పోరు పడలేక పరంధామయ్య ఘాటుది ఒకటి చేశాడు. సీసాల్లో నింపేటప్పుడు నురగ కోసం వేసే బెల్లం ఎక్కువ పడింది. ఏప్రిల్ ఎండకు కొట్టం పొయ్యి మాదిరి కాగింది. ఒక మధ్యాహ్నం సీసాలు ఒకదాని తరువాత ఒకటి పేలడం మొదలుపెట్టాయి. రోడ్డు పని చేసే కూలీలు తుపాకీ కాలుస్తున్నారని పరిగెత్తారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ వాసన చేనంతా పాకింది. మూడో రోజు ఎక్సైజు జీపు వచ్చింది. ఎవరు చెప్పారో మాకు ఇప్పటికీ తెలియదు.

అండా, లాక్టోమీటరు పట్టుకున్నారు. మూడు సీసాలకు సీలు వేసి, తక్కినవి చేలో పారబోశారు. ఎవరెవరు వచ్చి తాగుతారని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"నేనే తాగుతాను సామీ," అన్నాడు పరంధామయ్య.

"నలభై సీసాలూ?"

"నిదానంగా తాగుతాను."

గాజు గొట్టం ఎక్కడిదంటే బెంగళూరు సంతలో కొన్నానన్నాడు. జ్ఞానాంబ పక్కనే నిలబడి అన్నీ విన్నది. ఆమె కూడా మా పేర్లు చెప్పలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాది సర్కారు ఉద్యోగం. పెళ్లయి ఏడాది. ఆ గొట్టం మా కేంద్రానిదని తేలితే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆయన ఇంటి వైపు పోవడం మానేశాను. పాలు పోయడానికి జ్ఞానాంబ వచ్చేది. నేను తలెత్తకుండా పాలు కొలిచి చీటీ రాసి ఇచ్చేవాణ్ణి. ఆమె చీటీ తీసుకుని పోయేది. రెండు నెలలు అట్లా గడిచాయి. జయరామ్ మాస్టరూ బయటికి రాలేదు. కోర్టుకు పోయింది చిన్నబ్బ ఒక్కడే. అక్కడ జరిగింది వాడు చెబితేనే మాకు తెలిసింది.

కొట్టానికి తలుపు లేదు, ఎవరైనా తెచ్చి పెట్టి ఉండొచ్చు, నీకేమీ తెలియదని చెప్పు, కేసు నిలవదు అని వకీలు నేర్పించాడట. పరంధామయ్య సరేనన్నాడు. కానీ పేష్కారు కాగితం చదువుతూ ముద్దాయి నాటుసారా కాస్తున్నట్టు అనగానే చెయ్యి ఎత్తాడు.

"సారా అయితే నాది కాదు సామీ. ఆ సీసాల్లో ఉండేది బీరు. అది నేనే చేసినాను."

వకీలు తల పట్టుకున్నాడు. తేడా ఏమిటని మేజిస్ట్రేటు అడిగారు. సారా అంటే ఆవిరి పట్టేదని, తాను ఆవిరి పట్టలేదని, రాగులు మొలకెత్తించడం దగ్గర్నుంచి సీసాకు బిరడా వేసేదాకా పరంధామయ్య వరసగా చెప్పాడట. బెల్లం ఎక్కువ వేసింది తన తప్పేనని కూడా ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు మధ్యలో ఆపకుండా విన్నారు. విని, లైసెన్సు లేకుండా ఏది చేసినా చట్టానికి ఒకటేనని చెప్పి, కాగితంలో సారా అన్నచోట బీరు అని దిద్దించారు. జరిమానా, కోర్టు లేచేదాకా శిక్ష. సాయంత్రం దాకా పరంధామయ్య వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. చిన్నబ్బ పక్కనే కూర్చున్నాడు.

ఆ మాట విన్న మరునాడు నేను ఆయన ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కాలు చాపుకుని నూనె రుద్దుకుంటున్నాడు. రాలేకపోయానని, భయపడ్డానని చెప్పాను.

"నువ్వొచ్చి నిలబడి ఉంటే ఏమయ్యుండె మునికృష్ణా? నీ ఉద్యోగం పోయుండె. అండా అయితే తిరిగి రాదు గదా," అన్నాడు. తరువాత, "ఆయమ్మ పాలు తెస్తే పలకరించుంటే బాగుండె. అది మాత్రం బాగలేదు," అన్నాడు.

లోపలికి పోయి జ్ఞానాంబకు అదే చెప్పాను. ఆమె కాఫీ ఇచ్చింది.

ఇంట్లో రెండు మూటల మొలకరాగులు మిగిలాయి. వాటిని ఎక్సైజువాళ్లు ధాన్యమనుకుని వదిలేశారు. అదే వారంలో ఇమాంసాహెబు వచ్చాడు. అండా పోయిందని పలకరించడానికి వచ్చినవాడు, మాటల్లో తన కూతురు ఉమ్మే సల్మా బిడ్డ సంగతి చెప్పాడు. వాడికి తొమ్మిది నెలలు. ఏం పెట్టినా కక్కేస్తున్నాడు. ఆసుపత్రిలో మందిచ్చారు, మెత్తటి జావ ఏదైనా పెట్టమన్నారు. జ్ఞానాంబ లోపలినుంచి విని, మొలకరాగులు దోరగా వేయించి, మెత్తగా విసిరి, పలచటి బట్టలో జల్లించి పొట్లం కట్టి ఇచ్చింది. నీళ్లలో కాచి కొంచెం పాలు కలపమన్నది. బిడ్డకు ఆ జావ ఇమిడింది. వారం తరువాత ఇమాంసాహెబు భార్య అమీనా బీ ఇంకో పొట్లం కోసం వచ్చింది. ఆమె వెనుక ఆ వీధి ఆడవాళ్లు ఇద్దరు వచ్చారు.

పరంధామయ్యకు మొదట ఇది పని అనిపించలేదు. మూటలు అయిపోయేదాకానే అనుకున్నాడు. కానీ జ్ఞానాంబ విసిరిన పిండి ఒకనాడు నోట్లో వేసుకుని, వేయింపు ఎగుడుదిగుడుగా ఉందన్నాడు. అయితే నువ్వే వేయించు అన్నదామె. ఆ రోజు నుంచి పెనం ఆయన చేతికి వచ్చింది. ఇమాంసాహెబు అడుగు మందంగా ఉండే వెడల్పాటి మూకుడు చేసి తెచ్చాడు. ఎనభై రెండుకు పిండిమర వెనుక ఒక గది తీసుకున్నారు. ఆసుపత్రి నర్సు నిర్మలమ్మ బాలింతలందరికీ చెప్పేది. జయరామ్ మాస్టరు పొట్లాల మీద అంటించే కాగితం రాసి ఇచ్చాడు. చిన్నబ్బ మూటలు దించడానికి వచ్చేవాడు. ఈసారి అన్ని కాగితాలూ తెచ్చుకున్నాకే పరంధామయ్య పొట్లం అమ్మాడు.

బీరు మళ్లీ చేయలేదు. ఎనభై ఆరులో చిత్తూరు నుంచి ఒక బ్రాందీ కాంట్రాక్టరు జీపులో వచ్చాడు. కోర్టు సంగతి ఆయన దాకా పోయింది. అడవి అంచున తోట ఉందని, ఎవరికీ తెలియకుండా చేసి పెట్టమని, కావలసినంత ఇస్తానని అన్నాడు. పరంధామయ్య ఆయనను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

"లైసెన్సు తెచ్చుకోని రాప్పా, వస్తాను. దాచిపెట్టి చేస్తే ఎవురికీ రుచి సూపించలేను. అట్ల చేసేది నాకెందుకు?"

కాంట్రాక్టరు మళ్లీ రాలేదు. లైసెన్సు ఆయనకు దొరికిందో లేదో తెలియదు. చిన్నబ్బ మాత్రం ఆ జీపు వెనుక చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

పరంధామయ్య ఎనభై తొమ్మిది వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. జ్ఞానాంబ గది ఖాళీ చేయలేదు. ఉమ్మే సల్మాను సాయం పెట్టుకుని పిండి అమ్ముతూనే ఉంది. వేయింపు ఆయనంత కుదరడం లేదని కొనేవాళ్లలో కొందరు అంటారు. మా ఇంట్లో ఇప్పటికీ అదే పిండి వాడతాం.