రన్‌వే మీద దొరగారు

కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదబోయినవాడి సంగతి మీరు వినే ఉంటారు. నేను అంతకంటే ఒక మెట్టు పైకెక్కి, కుక్క తోక పట్టుకుని ఆకాశం ఈదబోయాను. పొగమంచు వల్ల దిగలేకపోయిన విమానాలున్నాయి, తుఫాను వల్ల దిగలేకపోయినవీ ఉన్నాయి. ఇంటివాళ్ళ ప్రేమ వల్ల దిగలేకపోయిన విమానం మాత్రం నాకు తెలిసి ఒక్కటే, దాన్ని నడిపిన మహాతల్లిని నేనే. ఇప్పుడు భుజాల మీద చారలు తగిలించుకుని, మైకులో వాతావరణం గురించి గంభీరంగా చెబుతున్నానని చూసి మోసపోకండి. ఆ గొంతు ఒకప్పుడు ఏం మాట్లాడిందో వినండి.

మాది అరవదేశంలో తెలుగువాళ్ళ ఊరు రాజపాళయం, ఒక వేటకుక్కల జాతికి పేరిచ్చిన ఊరు. ఊరి పేరు చెప్పగానే సగంమంది "మీ ఇంట్లో కుక్క ఉందా?" అని అడుగుతారు. మనుషుల క్షేమం ఆ తరువాతే. ఉంది. తెల్లని ఒళ్ళు, గులాబిరంగు ముక్కు, పొడుగాటి కాళ్ళు, పేరు దొర. ఈ జాతి కుక్క ఇంట్లో ఒక్కరినే తన మనిషిగా లెక్కేస్తుంది. మిగతావాళ్ళు దాని దృష్టిలో అన్నం పెట్టడానికి కుదిరిన పనివాళ్ళు. మా ఇంట్లో ఆ ఒక్క మనిషిని నేను.

ఇక నాకు పైలట్ కావాలని పుట్టిన కోరిక ఖరీదు, సేత్తూరు దారిలో ఉన్న మా మామిడితోట. నాయన దాన్ని అమ్మి నన్ను విమానాల బడిలో చేర్చాడు. చేర్చిన నాటి నుంచి తోట అనే మాట ఆయన నోట రాలేదు. ఆ లోటు మా అవ్వ తీర్చేది. బజారులో కొన్న మామిడిపండు ముక్క నోట్లో వేసుకుని, "దీన్నిగూడ పండు అంటా ఉండారు" అని ఆకాశం వైపు చూసేది. అవ్వ మాటలకు నవ్వొచ్చేది కానీ, నాయన మౌనం మాత్రం నన్ను లోపల కొరికేది. ఒంటరిగా విమానం లేపి, దించి చూపిస్తే తప్ప ఆ తోటకు న్యాయం జరగదని నా పట్టుదల. మొదటిసారి పక్కన గురువు లేకుండా ఎగరడాన్ని సోలో అంటారు. నా కలలన్నీ ఆ సోలో చుట్టూ తిరుగుతున్నాయి.

నా సోలోకు అడ్డుపడినవి నెమళ్ళు. మా బడి తుమ్మచెట్ల మధ్య ఉండేది. సరిగ్గా మేము ఎగరవలసిన వేళకు నెమళ్ళన్నీ రన్‌వే మీదికి వచ్చి, పెళ్ళివారిలా తీరిగ్గా అటూ ఇటూ నడిచేవి. టపాకాయలు పేలిస్తే పురి విప్పి ఆడేవి. మా గురువు సెల్వం సార్ వాయుసేనలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయనకు తమిళం, ఇంగ్లీషే తప్ప మన భాష రాదు, మీ కోసం నేనే తెలుగు చేస్తున్నాను. ఆయన రోజూ గడియారం చూసి, నెమళ్ళను చూసి, నన్ను చూసి, "ఇవాళ లేదు, పో" అనేవాడు.

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. "సార్, మా ఊరి కుక్కను తెప్పిస్తాను. ఒక్క నెమలి మిగిలితే నా పేరు భాగ్యలక్ష్మి కాదు" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి అడిగాడు, "అది ఎవరి మాట వింటుంది?"

"నా మాట ఒక్కటే వింటుంది సార్" అన్నాను, ఛాతీ విరుచుకుని.

"మంచిది" అన్నాడు ఆయన. నేను పైన ఉన్నప్పుడు అది కింద ఎవరి మాట వింటుందన్న ప్రశ్న నాకూ తట్టలేదు, యుద్ధవిమానాలు నడిపిన ఆయనకూ తట్టలేదు. చదువుకున్నవాళ్ళం కదా.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. "నాయనా, దొరను తీసుకొని రా."

"ఏమిటికి?"

"నెమళ్ళను తరిమేదానికి."

"నెమలి మురుగన్ వాహనం కదమ్మా. తరమచ్చునా?"

"ఏ వాహనమైనా రన్‌వే మీద నిలపకూడదు నాయనా."

వెనకనుంచి అవ్వ గొంతు వినబడింది. "తోట పోయినది, సరి. ఇప్పుడు కుక్కనుగూడ అడగతా ఉండాదా? దాన్నైనా తిరిగి తీసుకొని రా."

నాయన కారు వెనక సీటులో దొర దొరలాగే వచ్చాడు. ఆ సాయంత్రమే నెమళ్ళ మీద దండెత్తి, ఒక్కదాన్నీ ముట్టకుండా, అన్నింటినీ తుమ్మచెట్లు ఎక్కించాడు. బడి మొత్తం చప్పట్లు కొట్టింది. సెల్వం సార్ తన టిఫిన్‌లోని ఇడ్లీ తీసి పెట్టాడు. దొర వాసన చూసి, నా వైపు తిరిగి, నేను "తిను" అన్నాకే తిన్నాడు. అది చూసి ఆయన ముచ్చటపడ్డాడు కానీ, మేము అక్కడే భయపడి ఉండవలసింది.

మరునాడు ఉదయం రన్‌వే అద్దంలా ఉంది. సెల్వం సార్ విమానం దిగి తలుపు వేస్తూ, "ఒక్క చుట్టు. లేపు, తిరుగు, దించు" అన్నాడు. అంచున నాయన దొర పట్టీ చేతికి రెండు మెలికలు తిప్పి నిలబడి, "నేను పట్టుకొని ఉండాను, నువ్వు పో పాప" అని చెయ్యి ఊపాడు.

నేను ఇంజను పెంచాను. తన మనిషిని ఒక పెద్ద రొదపెట్టే పక్షి మింగి తీసుకుపోతున్నదని దొరకు అర్థమైంది. మెడపట్టీ నాయన చేతిలోనే ఉండిపోయింది. మెడ మాత్రం లేదు. నేను గాల్లోకి లేస్తూ పక్కకు చూస్తే, కింద ఒక తెల్లని గీత నాతో పోటీగా పరిగెత్తుతున్నది.

చుట్టు తిరిగి దిగడానికి వచ్చేసరికి దొర రన్‌వే నడిమధ్యలో కూర్చుని ఉన్నాడు, నేను మాయమైన దిక్కుకు ముఖం పెట్టుకుని.

రేడియోలో సెల్వం సార్ గొంతు వచ్చింది. "దిగకు. మళ్ళీ చుట్టి రా. రన్‌వే మీద కుక్క ఉంది."

"సార్, దొర ఉన్నాడు సార్."

"పేరు వద్దు. చుట్టి రా."

మళ్ళీ చుట్టి వచ్చాను. ఈసారి నాయన బిస్కెట్ పొట్లం పట్టుకుని బతిమాలుతున్నాడు. దొర ఆయన్ని చూడనట్టు నటిస్తున్నాడు. ఇంకో చుట్టుకు సెల్వం సార్ జీపు వేసుకుని వెళ్ళాడు. దొర జీపును పెద్ద నెమలి అనుకుని తుమ్మచెట్ల దాకా తరిమి, తిరిగి వచ్చి తన చోట కూర్చున్నాడు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నెమళ్ళకు మందు వేస్తే నా రన్‌వే ఊడింది.

ఇంధనానికి కొదవ లేదు. ధైర్యానికే కొదవ. కింద తోటంత డబ్బు పోసిన నాయన, పైన దిగడం చేతగాని కూతురు. తోట పోయిందన్న అవ్వ మాట ఎంత నిజమో అప్పుడు తెలిసి నాకు ఏడుపొచ్చింది.

"భాగ్యం, నీ గొంతైతే వింటుందా?" అని సార్ అడిగాడు. "నేను వాకీటాకీ దాని దగ్గర పెడతాను. మాట్లాడు."

పక్క ఊరి విమానాశ్రయానికి వచ్చే పెద్ద విమానాలవాళ్ళు కూడా వినే రేడియో అది. అందులో ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదు. మాట్లాడాను. "దొరా. ఏమిరా ఈ ఆట. నేను యాడికీ పోలేదు, పైనే ఉండాను. లేసి నాయన కాడికి పోయి కూచో. కూచోకుంటే రేపటినుంచి నీకు మాంసం లేదు, చెప్తా ఉండాను."

దొర చెవులు నిక్కించాడు. నేను ఆ చిన్న పెట్టెలో ఉన్నానని తేల్చుకున్నాడు. సార్ చేతిలోంచి వాకీటాకీ నోట కరుచుకుని, నన్ను కాపాడి తీసుకుపోతున్నట్టు పరుగున వెళ్ళి నాయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

రన్‌వే ఖాళీ అయింది కానీ, రేడియో దొర పాలైంది. వాకీటాకీకి ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కి ఉంచినంతసేపు ఇంకెవరూ మాట్లాడలేరు, ఆ ఒక్కరి మాటే అందరికీ వినబడుతుంది. దొర పన్ను సరిగ్గా దాని మీద పడింది. నా చెవుల నిండా కుక్క రొప్పు. సెల్వం సార్ టోపీ ఊపి దిగమని సైగ చేస్తున్నాడు. సరే అని విమానం ముక్కు కిందికి వంచాను.

అప్పుడు ఆ రొప్పు మధ్యలోంచి నాయన గొంతు మెల్లగా వచ్చింది. వినేది దొర ఒక్కడే అనుకుంటున్నాడు.

"ఇయ్యిరా దొరా, అది తినేది కాదు. అదో చూడు, పాప వస్తా ఉండాది. ఒంటిగా వస్తా ఉండాది. తోట పోతే పోయినదిరా. ఆ తోటలో ఇంత పెద్ద కాయ ఎన్నడైనా కాసినదా?"

కళ్ళు మసకబారాయి. చక్రాలు నేలను ఎప్పుడు తాకాయో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత మెత్తగా మళ్ళీ ఎప్పుడూ దించలేదు.

కథ అక్కడ ముగిసి ఉంటే నా పరువు ఊరి పొలిమేరలోనే ఉండేది. కొన్నాళ్ళకు లైసెన్సు వచ్చింది, ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. లోపలికి వెళ్ళి నిటారుగా నిలబడ్డాను. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఉన్న తల నెరిసిన కెప్టెన్ నా కాగితాల్లో బడి పేరు చూశాడు, ఊరి పేరు చూశాడు, కళ్ళజోడు తీశాడు.

"దొరా, కూచో" అన్నాడు.

నేను కూర్చున్నాను. కూర్చున్నాక కానీ అవి ఆ రోజు రేడియోలో నేనన్న మాటలని తట్టలేదు.

ఆయనది గుంటూరట. ఆ రోజు పైన పెద్ద విమానంలో ఉన్నాడట. "అరవదేశం మీద ఎగురుతుంటే రేడియోలో తెలుగు వినబడింది. మా నాయనమ్మ మాట్లాడే తెలుగు. తరువాత కుక్క వచ్చింది, తరువాత మీ నాన్న వచ్చారు. మా కాక్‌పిట్‌లో ఇద్దరం నోరు మెదపలేదు. మెదిపినా ఎవరికీ వినబడదనుకోండి" అన్నాడు. తరువాత అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగాడు. ఉద్యోగం వచ్చింది.

కనుక పాఠకమహాశయులారా, మా ఊరి సంజీవి కొండ సాక్షిగా, దొర తోక మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నా మాట తప్ప ఇంకెవరి మాటా విననివాణ్ణి ఈ జన్మలో మళ్ళీ వెంటబెట్టుకోను. ఈ ప్రమాణం ఒప్పుకోనిది అవ్వ ఒక్కతే. నాకు సంబంధాలు చూస్తున్న ఆవిడ, "కుక్కకు అయితే వద్దు, సరి. మొగునికి మాత్రం ఆ గుణమే కావల్ల" అంటున్నది.