పెన్సిళ్ళు పంచిన చెయ్యి

నురగ పిన్నికి మరపు రాదు. అది ఆమె గొప్పతనమో, జబ్బో ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ తేల్చుకోలేకపోయారు. ఎనిమిదేళ్ళ వయసులో పక్కింటి పిల్ల ఆమె పలక పగలగొట్టి, "నేను కాదు" అని బుకాయించింది. పలక పోయినందుకు కాదు, ఆ "నేను కాదు" అన్నందుకు పదకొండేళ్ళు దానితో మాట్లాడలేదు. చివరికి దాని పెళ్ళికి వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, కడుపునిండా తిని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా తిరిగొచ్చింది.

వాళ్ళక్క ఇందుకు పూర్తిగా విరుద్ధం. నోట్లో నాలుక లేని మనిషి. పదిహేనేళ్ళు ఒకే బడిలో ఆయాగా చేసింది. ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడవడం, ఊడిన బొత్తాలు పెట్టడం, తినేముందు వరసగా నిలబెట్టి చేతులు కడగడం ఆమె పని. సబ్బులో నాని నాని ఆమె వేళ్ళ చివర్లు ఏడాది పొడుగునా పగిలి ఉండేవి. ఎవరేమన్నా "సరే" అనేది. చెల్లెలికి అక్క మీద ప్రాణం, ఆ "సరే" మీద మాత్రం ఒళ్ళుమంట.

ఊళ్ళోకి రోగం వచ్చింది, బడులు మూతపడ్డాయి, కొన్ని నెలలకు మళ్ళీ తెరిచారు. తెరిచిన మొదటిరోజున బడి పెద్దసారు ప్రతి తరగతికీ వెళ్ళి, ఒక్కో బిడ్డకీ ఒక్కో పెన్సిలు ఇచ్చి, బుగ్గ నిమిరి వచ్చాడు. రెండ్రోజుల ముందే ఆయన ఎక్కడో చుట్టాల పెళ్ళికి వెళ్ళి వచ్చి ఉన్నాడు. పెన్సిళ్ళ పళ్ళెం పట్టుకుని వెనకాల నడిచింది అక్క.

ఆ సాయంత్రం చెల్లెలి ఇంటికొచ్చి, గుమ్మం దగ్గరే కూర్చుని చెప్పింది.

"సారు చెయ్యి పెనంలా కాలిపోతోందే. పెన్సిలు తీసుకుంటుంటే నా చేతికి తగిలింది. జ్వరమేమో సార్ అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"బడి తెరిచిన రోజు ఇలాంటి మాటలేంటి, ఎవరితోనూ అనకు అన్నారు."

"మరి నువ్వు?"

"సరే అన్నాను."

ఎనిమిదో రోజుకి అక్క ఆసుపత్రిలో ఉంది. పన్నెండో రోజుకి లేదు. ఇద్దరు టీచర్లు కూడా మంచం పట్టారు కానీ బతికి బయటపడ్డారు. పెద్దసారు పదిహేను రోజులు "పనిమీద వేరే ఊరెళ్ళి" తిరిగొచ్చాడు, కాస్త చిక్కి. వస్తూనే తల్లిదండ్రులని బడి వెనక రేకుల షెడ్డులోకి పిలిచి, ఆయాకి శుభ్రత లేదనీ, ఆవిడ వల్లే బడిలోకి రోగం వచ్చిందనీ చెప్పాడు. మర్నాడు గేటుకి ఒక కాగితం అంటించారు. "పరిశుభ్రత పాటించని ఆయాను విధుల నుంచి తొలగించాం. తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండవచ్చు." వానకి తడవకుండా పైన ప్లాస్టిక్కు కవరు కూడా తొడిగారు.

కిందున్న తేదీ చూసింది చెల్లెలు. అక్క పోయి అప్పటికి పది రోజులు. చచ్చిపోయిన మనిషిని ఉద్యోగంలోంచి తీసేశాడు, మహానుభావుడు! అక్క కూతురు కుట్టుపని నేర్చుకునే చోట పక్కవాళ్ళు కుర్చీలు దూరంగా జరుపుకున్నారు. బావ గుండె నిబ్బరం చేసుకుని, "పోనీలే, పోయినవాళ్ళు తిరిగొస్తారా" అన్నాడు. చెల్లెలు మాత్రం పోనివ్వలేదు. అక్క తిరిగి రాదని ఆమెకీ తెలుసు. ఆ షెడ్డులో, ఆ జనం ముందే, ఆ నోటితోనే "ఆవిడ కాదు, నేను" అనిపించాలి. అంతకంటే ఒక్క మెతుకు ఎక్కువ వద్దు, ఒక్క మెతుకు తక్కువా వద్దు.

అప్పటిదాకా ఆమె లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేసేది. ఆ పని మానేసి, ఆయా ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసి బడికి వెళ్ళింది. రోగం భయంతో ఆ పనికి ఎవరూ రావడం లేదు. అక్కచెల్లెళ్ళవి ఒకే అచ్చులో పోసిన మొహాలు. కానీ మాస్కుల కాలం కదా, పెద్దసారుకి రెండు కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. "చేతులు శుభ్రంగా ఉంచుకుంటావా?" అని అడిగాడు. "మీ దయ సార్" అంది. ఆ మాట అనడానికి ఎంత పళ్ళు నూరుకుందో మాస్కు వెనకాల ఎవరికి తెలుస్తుంది?

ఒకటో తరగతి గోడ మీద ఆరు బొమ్మల చార్టు ఉండేది, చేతులు ఎలా కడగాలో చూపిస్తూ. టీచరమ్మ దాన్ని రోజుకోసారి బెత్తంతో చూపించి ఊరుకునేది. ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దమంటే పిల్లలు గుక్క తిప్పుకోకుండా మూడు సెకన్లలో ఇరవైకి చేరిపోయేవాళ్ళు. అరచేతులు తడిపి, లాగూకి తుడుచుకుని, "అయిపోయింది" అని పరిగెత్తేవాళ్ళు. ఒకడు నురగ నాకి చూసేవాడు. బొటనవేలినైతే ఒక్కళ్ళూ పట్టించుకోరు, అదేదో పక్కింటివాళ్ళదైనట్టు.

పిల్లల నోట నురగ పిన్ని అయిపోయిన ఆమె పనిలోకి దిగింది. పగ సంగతి పగదే, పని సంగతి పనిదే. ముందు చొక్కా చేతులు మోచేతిదాకా మడవడం నేర్పింది. నురగ చేతులతో కుళాయి ముట్టుకోకూడదని చెప్పి, పొడుగు కాడ మగ్గుతో తనే నీళ్ళు పోసేది. అరచెయ్యి, వెనక చెయ్యి, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళు, మణికట్టు. ఇన్నింటికీ సరిపడా సమయం కావాలంటే పాట కావాలి. పిల్లలు లెక్కని మోసం చేస్తారు కానీ పాటని చెయ్యరు, మధ్యలో వదిలేస్తే వాళ్ళకే తోచదు. అలా ఒకరోజు మగ్గు చేత్తో పట్టుకుని పిన్ని పాట కట్టింది.

*అరచెయ్యీ అరచెయ్యీ రుద్దాలి,*
*వేళ్ళ సందుల్లో నురగ నిండాలి.*
*పెన్సిళ్ళు పంచిన చెయ్యి ఎవరిది?*
*జ్వరాన్ని దాచిన చెయ్యి ఎవరిది?*
*బొటనవేలు తిప్పు తిప్పు,*
*ఎవరి చెయ్యో చెప్పు చెప్పు.*
*గోళ్ళ కింద నక్కినా సరే*
*నీళ్ళు పోస్తే దిగాల్సిందే!*

నెమ్మదిగా పాడితే సరిగ్గా ఇరవై సెకన్లు. ఆయా కుళాయి దగ్గర ఏం పాడుతుందో ఏ టీచరు వింటుంది కనుక? పిల్లలు మాత్రం మొదటిరోజే అడిగారు.

"ఎవరిది పిన్నీ?"

"ముందు రుద్దండి."

"రుద్దాం. ఎవరిది?"

"నేను చెప్పను. మీ ఇంట్లో అడగండి."

ముప్పైఎనిమిది మంది పిల్లలు ముప్పైఎనిమిది ఇళ్ళకి ఆ ప్రశ్న మోసుకుపోయారు. అన్నం ముందు ఒకసారి, అన్నం తరవాత ఒకసారి, ఆడుకొచ్చాక ఒకసారి. ఆరేళ్ళ పిల్లలు ఒక ప్రశ్న పట్టుకుంటే చెవిలో జోరీగే. మొదట తల్లులు నవ్వారు. తరవాత ఒక తల్లికి బడి తెరిచినరోజు కూతురు పెన్సిలు నోట్లో పెట్టుకుని ఇంటికొచ్చిన సంగతి గుర్తొచ్చింది. ఒక తండ్రికి పెద్దసారు ఆ వారంలోనే హఠాత్తుగా వేరే ఊరెళ్ళడం గుర్తొచ్చింది. గుమ్మాల దగ్గర, మందుల కొట్టు ముందు, మనిషికీ మనిషికీ మధ్య గజం ఎడం ఉంచుకుని మరీ గుసగుసలాడుకున్నారు. గజం ఎడంలో గుసగుస అంటే వీధంతా వినిపిస్తుంది మరి. పిన్ని ఎవరికీ ఏమీ చెప్పలేదు. రోజూ నీళ్ళు పోసింది, అంతే. అక్క పోయాక మొదటిసారి ఆమెకి అన్నం సయించింది.

పాట పెద్దసారు చెవిన పడటానికి రెండు నెలలు పట్టింది. సరిగ్గా అప్పుడే ఆరోగ్యాధికారిణి బడికి వస్తున్నట్టు కబురొచ్చింది. చేతుల శుభ్రత బాగా నేర్పే బడికి మెచ్చుకోలు పత్రం ఇస్తారట. తల్లిదండ్రులు కూడా వస్తారు. పెద్దసారు పిన్నిని గదిలోకి పిలిచాడు.

"ఆ పాటలో రెండు ముక్కలు తీసెయ్."

"ఏ ముక్కలు సార్?"

"నీకు తెలుసు."

"మీకూ తెలుసన్నమాట."

ఆయన మొహం మాడిపోయింది. "అసలు ఎవరు నువ్వు? ఆ పాత ఆయా నీకేమవుతుంది?"

"అక్క అవుతుంది."

కాసేపు ఆయన బల్లమీది కాగితాలు సర్దాడు. తరవాత గొంతు తగ్గించి, అక్క ఫొటో పెద్దది చేయించి వరండాలో పెడతానన్నాడు. ఆవిడ పేరు మీద ఏటా ఒక బహుమతి ఇస్తానన్నాడు.

"ఫొటో మా ఇంట్లో ఉంది సార్. షెడ్డులో ఒక మాటన్నారు. అదే షెడ్డులో దాన్ని వెనక్కి తీసుకోండి. పాట మార్చేస్తాను."

"ఆ కార్యక్రమం అయ్యాక నువ్వు ఇక్కడ ఉండవు."

"అయ్యేదాకా ఉంటాగా" అని వచ్చేసింది.

అప్పటికప్పుడు తీసెయ్యడానికి ఆయనకి వీల్లేదు. పిల్లలు ఆమె మాటకి తప్ప కడగరు. అందుకని తనే ఒక కొత్త పాట రాసి, నాలుగు రోజులు దగ్గరుండి పిల్లలచేత వల్లె వేయించాడు. "శుభ్రత మనకు శోభ, శుభ్రత బడికి శోభ" అని మొదలై, ఊపిరి పీల్చేలోగా అయిపోయే పాట.

ఆ రోజు షెడ్డు నిండిపోయింది. ముందు కుళాయిలు, వాటి ముందు పిల్లలు, వెనక తల్లిదండ్రులు. అధికారిణి పొట్టిగా, చురుగ్గా ఉంది. వస్తూనే, "పెద్దవాళ్ళు చేస్తేనే పిల్లలు చేస్తారు. సార్, మీరు కూడా పిల్లలతోపాటు రండి" అంది. పెద్దసారు చొక్కా చేతులు మడిచి, నవ్వుతూ వరసలో నిలబడ్డాడు. పిన్ని అందరి చేతుల్లో సబ్బు నీళ్ళు వేసింది, ఆయన చేతుల్లో కూడా.

పిల్లలు కొత్త పాట పాడారు. పాట అయిపోయింది. చేతులు ఇంకా వెనకవైపు పొడిగానే ఉన్నాయి. అధికారిణి గడియారం చూసుకుంది.

"ఏడు సెకన్లే అయింది. కనీసం ఇరవై ఉండాలి కదమ్మా. ఇంకో పాటేమైనా ఉందా?"

"పిన్ని పాటుంది!" అంది ముందు వరసలో రెండు పళ్ళు ఊడిన పిల్ల. పెద్దసారు ఏదో అనబోయేలోపు ముప్పైఎనిమిది గొంతులు ఎత్తుకున్నాయి. నాలుగు రోజులు నోరు కట్టేసుకున్న కసి అంతా తీరేలా పాడారు. చేతులు చకచకా తిరిగాయి, వేళ్ళ సందుల్లో నురగ నిండింది, బొటనవేళ్ళు గిరగిరా తిరిగాయి. అధికారిణి మురిసిపోయింది.

"భలే ఉంది! ఇంతకీ ఆ చెయ్యి ఎవరిది?"

"పిన్ని చెప్పదండి" అంది పళ్ళు ఊడిన పిల్ల. "మా అమ్మయితే పెద్దసారుదే అంది."

పెద్దసారు గట్టిగా నవ్వాడు. "పిల్లలండీ, పిల్లలు! నీళ్ళు పొయ్యమ్మా" అని రెండు చేతులూ చాచాడు.

పిన్ని మగ్గు ముంచింది. వరస ఆ చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క బిడ్డకీ నీళ్ళు పోసింది. తొందర లేదు. గోళ్ళు చూసింది, మణికట్టు చూసింది, ఒకడి చేత మళ్ళీ రుద్దించింది. ముప్పైఎనిమిది మంది అయ్యాక పెద్దసారు ముందు ఆగి, నిండు మగ్గు ఎత్తి పట్టుకుని, వంచకుండా నిలబడింది. ఆయన చేతుల మీద నురగ ఆరి, చర్మం బిగుసుకుంటోంది. కుళాయి మూరెడు దూరంలో ఉంది. నురగ చేతులతో ముట్టరాదని దాని పైన ఆయనే పెద్దక్షరాలతో రాయించాడు.

"నీళ్ళు పొయ్యి" అన్నాడు, ఈసారి నవ్వకుండా.

"చెప్పండి సార్."

వెనక నుంచి ఒక తండ్రి లేచాడు. "ఆరోజు మీకు జ్వరం ఉందా, లేదా?"

"కాస్త ఒళ్ళు వెచ్చగా..."

"మా పిల్ల ఆ పెన్సిలు నోట్లో పెట్టుకుంది!" అని ఒక తల్లి అరిచింది. కుర్చీలు కదిలాయి. అధికారిణి మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది. పెద్దసారు జనాన్ని చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

"రోగం ఆవిడ తేలేదు" అన్నాడు.

"వినపడలేదు సార్."

"ఆయా తేలేదు. జ్వరం నాకే ఉంది. ఎవరితో అనొద్దని నేనే చెప్పాను."

సినిమాల్లో అయితే ఇక్కడ పిన్ని మాస్కు తీసి, అక్క మొహం చూపించి, కన్నీళ్ళు పెట్టుకోవాలి. ఆమె మాస్కు తియ్యలేదు. అంతమంది పిల్లల ముందు మాస్కు ఎందుకు తీస్తుంది? మగ్గు వంచి, నీళ్ళు సన్నగా ధార కట్టి పోసింది. "బొటనవేలు వదిలేశారు" అంది. ఆయన రుద్దుకున్నాడు.

కడుపు చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు. ఇంటికెళ్ళి, బావతో, అక్క కూతురితో జరిగింది చెప్పి, ముగ్గురూ ఏడ్చి, తిని పడుకున్నా మంట మంటలాగే ఉంది.

మర్నాడు బడికి వెళ్ళింది. రావద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. గేటు మీద కాగితం లేదు. పెద్దసారు గదిలోనే ఉన్నాడు. కుళాయిల వైపున్న కిటికీ మూసి ఉంది, కానీ దాని రెక్క సరిగ్గా పడదని బడిలో అందరికీ తెలుసు. పిల్లలు చేతులు మడుచుకుని వరసలో నిలబడ్డారు. పళ్ళు ఊడిన పిల్ల సబ్బు రుద్దుకుంటూ తలెత్తింది.

"ఎవరి చెయ్యో తెలిసిపోయిందిగా పిన్నీ. ఇంకా ఎందుకు అడగడం?"

పిన్ని మగ్గు ముంచింది. కిటికీ దాకా వినపడేలా చెప్పింది.

"నిన్న కడుక్కున్నామని ఇవాళ మానేస్తామా? పాడండి."