సముద్రం నుంచి పైకి

మా అక్క బడులకు పంపే గోడపటాల మీద నదులు గీసేది. ఆ పటాల షాపులో కొండలు ఒకరు, సరిహద్దులు ఒకరు వేస్తే, నీలిగీతలన్నీ మా అక్కవే. అందరూ నదులక్క అనే పిలిచేవారు. ఏ నదినైనా సముద్రం దగ్గరే మొదలుపెట్టేది. నిండా రంగు ముంచిన కుంచెతో లావుగా బయల్దేరి, పైకి పోయేకొద్దీ సన్నం చేసి, పుట్టినచోట చటుక్కున ఎత్తేసేది. నైలుకు పెద్ద సరస్సు దగ్గర, గంగకు మంచుకొండల్లో, వోల్గాకు ఓ చిత్తడినేలలో. అమెజాన్ పుట్టుక మీద చదువుకున్నవాళ్లకే తగువు కాబట్టి అక్కడ మాత్రం కాస్త తటపటాయించేది.

ఇన్ని గీసిన మనిషి ఒక్క నది పుట్టుకనూ కళ్లారా చూడలేదు. మా బావ బస్సు డ్రైవరు. మా ఊరి నది పుట్టేచోటికి తీసుకెళ్తానని పెళ్లయిన కొత్తలోనే మాటిచ్చాడు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరే దారి. మా అక్క ఒప్పుకుంటేగా! పటం గీసినట్టే సముద్రం నుంచి పైకి వెళ్లాలట. బావ సెలవుల్లో ఏటా ఓ ముక్క. ఒక ఏడు పిల్లలకు జ్వరాలు, ఇంకో ఏడు వరదలు. మళ్లీ ఆగిన ఊరి నుంచే మొదలు.

"నేరుగా వెళ్లి చూసి రావచ్చుగా అక్కా! నీ సొమ్మేం పోయింది?" అని నేను తల బాదుకునేదాన్ని.

"మధ్యలో గీత తెగితే అది నదెలా అవుతుందే?"

బావ నవ్వేవాడు. "మీ అక్కతో వాదించడం నా వల్ల కాదు మరదలా. బస్సయితే బ్రేకుంటుంది."

ఇంకా రెండు ముక్కలు మిగిలుండగా బావకు ఆయాసం పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకోవాల్సిందే. ఆ ఎండాకాలం నా ముందే అడిగాడు.

"ఏమేవ్, ఈసారికి తిన్నగా పైకే పోదామా? ఎందుకో చూడాలనుంది."

"ఈ ఆయాసంతో కొండెక్కుతారా? ముందు కోలుకోండి. వచ్చే ఏడు ఒకటి, ఆపై ఏడు ఒకటి. వరసలోనే చూద్దురుగాని."

బావ దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు. వానలు పడకముందే పోయాడు.

ఏడాది తిరిగాక అక్క తనంతట తానే "పైకే పోదాం పదవే" అంది. జీపు మాట్లాడుకుని వెనక సీట్లో కూర్చున్నాం. జీపు ఆగినచోట, రోడ్డు పక్కనే, రెండు బండల మధ్య చెంబు మునిగేంత గుంట ఉంది. అందులోంచి సన్నగా నీళ్లు కారుతున్నాయి.

అక్క చుట్టూ చూసింది. "ఎక్కాల్సిన కొండేది బాబూ?"

"ఎక్కడమేంటమ్మా? ఇదే చోటు," అన్నాడు జీపు డ్రైవరు. "నడవలేనివాళ్లు దిగను కూడా దిగరు. ముందు సీట్లోంచే కనిపిస్తుందిగా."

అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. "విన్నావా? దిగక్కర్లేదట. ఎన్నడూ ఏదీ అడగని మనిషే. ఇదొక్కటి అడిగారే!" అని బావురుమంది. నాకూ ఏడుపొచ్చింది.

అక్క ఆ నీళ్లు ముట్టుకోలేదు. వెనక్కి నడిచి, జీపు ముందు సీటెక్కి తలుపు వేసుకుంది. అక్కణ్నుంచే ఆ గుంటను చూస్తూ కూర్చుంది. డ్రైవరు తాళం తిప్పబోతే, కాసేపు ఆగమంది.