తోక రాల్చిన నెమిలి

నెమిలి పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. పెనుకొండ కోటగోడ దిగువన మా శెనక్కాయ చేను. విత్తనం వేసింది మొదలు కొండ మీద నుంచి గుంపుగా దిగి, గెలికి తినిపోతాయి. హిందూపురంలో కంపెనీ పనికి పోయే నా మనవరాలేమో పెండ్లిచీర అంచుకు నెమిళ్లే కావాలని పట్టుబట్టింది. చీర తీసిచ్చేది నేను.

“నా కాయలు తినేదాన్ని మళ్లా దుడ్లిచ్చి చీర మీద కూర్చోబెట్టల్లా? మామిడిపిందెలు చాలు” అన్నాను. పిల్ల మూతి ముడుచుకుంది.

చీర నేసేది ధర్మవరంలో ఉండే మా చెల్లెలి మొగుడు. అంచు సంగతి తేల్చుకోవడానికి పోయిన భాద్రపదంలో వచ్చినాడు. ముగ్గురం చేనికాడికి పోతే గట్టు మీద నిలబడి దూరంగా చూస్తా, “ఏం వదినా, ఆ గిన్నికోళ్లు నీవేనా?” అన్నాడు.

చూస్తే నెమిళ్లు!

“ఏమప్పా, పుట్టినప్పట్నుంచీ నెమిళ్లు నేస్తాండావు, నెమిలిని పట్టుకుని కోడంటావా?”

“తోక యాడ?”

“ఈ కాలంలో రాల్చేస్తాయి. మళ్లా వస్తుంది.”

“తాతా, నా అంచులో కోళ్లు నేసేవు, జాగర్త!” అని మనవరాలు పడీపడీ నవ్వింది.

ఆయన నవ్వలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తానే ఉన్నాడు. “మా మగ్గం మీద ఏ కాలమైనా దానికి తోక ఉండాది. మా నాయన కాలం డిజైను. ఆయన యాడ చూసినాడో!”

అప్పుడు నాకూ ఒకటి తట్టింది. కోట మండపంలో స్తంభం మీద నెమిలిని చెక్కినోడు కూడా తోకతోనే చెక్కినాడు. రాజుల కాలంలో కూడా భాద్రపదంలో దాని ముఖం ఎవరూ చూడలేదేమో! ఇన్నేండ్లుగా మట్టిగడ్డలు విసరడమే తప్ప నేను మాత్రం నిలబడి చూసినానా? వానకు బరువై రాలుస్తుందా? రాలేటప్పుడు నొప్పి పుడుతుందా? తోక లేనప్పుడు సిగ్గుపడుతుందా? ఆ పొద్దు గడ్డ విసరడం మరిచి నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. అవి మాత్రం కాయలు తింటానే ఉన్నాయి.

“మళ్లా ఎప్పుడొస్తుంది తోక?” అని అడిగినాడు ఆయన.

“చలికాలంలో కొంచెం కొంచెం. మాఘానికి బాగానే కనపడుతుంది.”

“పెండ్లి మాఘంలోనే గదా వదినా. అప్పటి నెమిలినే నేస్తా.”

మనవరాలు నా ముఖమే చూస్తాంది. మాఘానికి మా శెనక్కాయలు పీకి, మూటలు కట్టి ఇంట్లో వేసుకుని ఉంటాం. అప్పటి నెమిలికి నా చేన్లో తినేదానికేమీ ఉండదు. దాని మీద నాకు కోపమెందుకు?

“కానీయప్పా. తోక మాత్రం కురచగా పెట్టు. అప్పుడప్పుడే వస్తాండే తోక గదా, జరీ కలిసొస్తుంది” అన్నాను.