కాంతయ్య కొలత

మలేషియాలోని సుంగై సిపుట్‌లో కాంతయ్య ఇంట్లో కాచే విస్కీకి మంచి గిరాకీ. మొక్కజొన్న రవ్వకు మొలకెత్తిన బార్లీ ఎంత కలపాలో ఎవరికీ చెప్పేవాడు కాదు. కొలుస్తుండగా భార్య రత్నావతి తొంగిచూస్తే ఆ కొలత డబ్బాతోనే కొట్టేవాడు.

కిందటేడు కాంతయ్యకు పక్షవాతం వచ్చి మాటా, కుడిచెయ్యీ పోయాయి. ఇల్లు గడవక రత్నావతే విస్కీ పొయ్యి వెలిగించింది.

"డ్రమ్ము రవ్వకి బార్లీ ఎన్ని డబ్బాలెయ్యాలి? ఏలు సూపించు లా."

కాంతయ్య ఒక్క వేలు చూపించాడు. అంత తక్కువ బార్లీకి రవ్వ కరగలేదు, జిగురు ముద్దలా బిగుసుకుపోయింది. అది చూసి అతను సగం మూతితో నవ్వాడు.

రత్నావతి గిన్నెడు ముద్ద తెచ్చి అతని నోట్లో గరిటె పెట్టింది.

"నువ్వు సెప్పిన లెక్కే గదా. తిను."

రోజూ అదే తిండి. డ్రమ్ము కంపు కొడుతోంది, ఇంకా సగం కూడా ఖాళీ కాలేదు.