నాలుగో కాలువ

2008 ఫిబ్రవరి 12, మంగళవారం, ఉదయం పదకొండూ ఐదుకు పంజాగుట్టలో దంతవైద్యురాలి కుర్చీలో వెనక్కి వాలాను. అమీర్‌పేటలో రూట్ కెనాల్ చేయించుకుని పద్దెనిమిది రోజులైనా పైదవడ పన్ను సలుపు తగ్గలేదు. ఇక పీకేయడమే అన్నారక్కడ. ఈమె మాత్రం ఒకసారి తెరిచి చూద్దామంది.

పాత ఫిల్లింగ్ తీసి, పన్ను లోపలి మూడు కాలువలనూ మళ్లీ కడిగింది. తర్వాత బ్లీచింగ్ వాసన వచ్చే మందు పోసింది. ఎక్కడైనా కుళ్లిన నరం మిగిలితే అక్కడ బుడగలొస్తాయట. మైక్రోస్కోపులోని బొమ్మ ఎదురుగా టీవీలో పడుతోంది. మూడు రంధ్రాలకు కాస్త పక్కగా ఒక బుడగ లేచింది, వెంటనే ఇంకొకటి! నోరు కదిపే వీల్లేక నాలుగు వేళ్లు చూపించాను.

"మూడేనమ్మా. ఎక్స్‌రేల సుత మూడే ఉన్నయి."

మళ్లీ నాలుగే చూపించాను.

"జర ఆగుండ్రి..." అని మైక్రోస్కోపులోకి వంగింది. "అమ్మో, ఉన్నది! వెంట్రుకంత సన్నగున్నది. ఎక్స్‌రేల ఇంకోదాని వెనక దాక్కున్నది. డాక్టర్ నేనా, మీరా?"

నవ్వడానికి నోరు లేదు, కాళ్లు ఆడించాను. ఆ కాలువ కూడా కడిగి మూసేసింది.

మొత్తం మీద పోయినవి: ఒక ఫిల్లింగ్, దారప్పోగంత నరం, పద్దెనిమిది రాత్రుల నిద్ర. పళ్లు, సున్నా.